ఎర్రమిట్ట స్టేషన్ వెనక గది

నేను రైల్వేలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను గానీ రైలు నడపలేదు, జెండా ఊపలేదు, టికెట్ ఇవ్వలేదు. నాది వర్క్స్ విభాగం. స్టేషన్ భవనాలు, సిబ్బంది క్వార్టర్లు, గేటు గదులు, బావులు, మరుగుదొడ్లు, వీటి బాగోగులు చూసే ఇన్‌స్పెక్టర్ని. రైలు ఆలస్యమైతే నన్నెవరూ అడగరు. కప్పు కారితే మాత్రం స్టేషన్ మాస్టర్ దగ్గర్నుంచి ప్లాట్‌ఫాం ఊడ్చే మనిషి దాకా అందరికీ నా పేరు గుర్తొస్తుంది.

ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నాను. మోకాళ్లు అరిగిపోయాయి. మా వీధిలో టమోటా మండీ గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఆయన కూతురికి ఈ మధ్య నా విభాగంలోనే ఉద్యోగం వచ్చింది. స్వీట్లు తెచ్చిచ్చి, పని ఎలా ఉంటుందని అడిగింది. బాగుంటుందమ్మా, మంచి బూట్లు కొనుక్కో అని చెప్పి పంపాను. ఆమె గేటు దాటాక, అన్నేళ్ల ఉద్యోగం గురించి నేను చెప్పగలిగింది బూట్ల సంగతేనా అని నాకే చిన్నతనంగా అనిపించింది.

పదోన్నతులు, బదిలీలు, ఫైళ్లు ఎలా నడపాలో ఆమెకు ఆఫీసులోనే నేర్పిస్తారు. నేను ఒక్క స్టేషన్ గురించి చెబుతాను. అది ఇప్పుడు లేదు. దాన్ని కట్టిన వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ కనిపించవు. పడగొట్టవచ్చని రాసిన వాడి పేరు మాత్రం ఉంటుంది. ఆ పేరు నాది.

రిజిస్టరులో ఒకటి, నేల మీద మూడు

తొంభైల మొదట్లో నన్ను కుప్పం వేశారు. సోమవారం తెల్లారి మదనపల్లెలో బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి ఒంట్లో ఉన్న ఓపికంతా అయిపోయేది. శనివారం మళ్లీ అదే దారి. నా సెక్షన్‌లో ఉన్న స్టేషన్లలో ఎర్రమిట్ట అన్నిటికంటే మారుమూల. చుట్టూ గుట్టలు, రాతి బండలు, మధ్యలో బంగారు గని. రోజుకు రెండు ప్యాసింజర్ బండ్లు ఆగేవి. మూడు రాష్ట్రాల హద్దుకు దగ్గర కాబట్టి ప్లాట్‌ఫాం మీద తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించేవి.

మొదటిసారి వెళ్లే ముందు ఆఫీసులో స్టేషన్ డ్రాయింగ్ అడిగాను. లేదన్నారు. పాత రిజిస్టరు తీసి చూస్తే ‘స్టేషన్ భవనం – ఒకటి’ అని ఒక్క వరుస ఉంది. వెళ్లి చూస్తే అక్కడ ఒకటి కాదు, ఒకదానికొకటి అతుక్కుని మూడు కట్టడాలున్నాయి. ఒక్కొక్క గోడ మందం ఒక్కో రకం. ఒక్కో కప్పు ఒక్కో వాటం.

వాటి చరిత్ర నాకు చెప్పింది మునెప్ప మేస్త్రి. పుంగనూరు దగ్గర పల్లె ఆయనది. మా కాంట్రాక్టు పనుల్లో రాతి పనికి వచ్చేవాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. రాయిని వేలితో తట్టి, లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడు. వాళ్ల తాత ఎర్రమిట్ట స్టేషన్ కట్టినప్పుడు అక్కడ పనిచేశాడట.

మునెప్ప చెప్పిన ప్రకారం, లైను వేసిన కొత్తలో అక్కడ మంగళూరు పెంకు కప్పిన ఒక చిన్న గది మాత్రమే ఉండేది. తర్వాత గని వచ్చింది. దొరలు వచ్చిపోవడం మొదలయ్యాక ముందు వైపు చెక్కిన రాళ్లతో పెద్ద భవనం లేచింది. టేకు దూలాలు, ఎత్తైన కిటికీలు, నేలకు నున్నటి బండలు. ఆ వెనకనే, ప్లాట్‌ఫాం మీద నిలబడితే కనిపించకుండా, ఒక పొడవాటి గది కట్టారు. అది గని కూలీల కోసం. దొరల భవనంలోకి దానికొక తలుపుంది గానీ ఎప్పుడూ మూసే ఉండేదట. కూలీలు రావాలన్నా పోవాలన్నా పక్క గోడలో ఉన్న ఒక సన్నటి వాకిలే దిక్కు. నేను లావు మనిషిని కాను. అయినా భుజాలు కొంచెం ఏటవాలుగా తిప్పితే తప్ప అందులోంచి సులువుగా బయటికి రాలేకపోయాను. ఇంత సన్నగా ఎందుకు పెట్టారని మునెప్పను అడిగాను.

“అది సోదా వాకిలప్పా,” అన్నాడు. “గనిలో దిగేటోళ్లు ఊరికి పోవాలంటే రైలొచ్చేదాకా ఈ గదిలో కూసోవల్ల. ఒక్కొక్కడే ఆ వాకిట్లోంచి ఈతలకి రావల్ల. జేబులు, తలగుడ్డ, సద్దిమూట, ఆఖరికి నోరు తెరిపించి గూడా సూసేటోళ్లంట, బంగారం ఏమన్నా దాసిపెట్టినారేమో అని. మా తాత మొదట ఇద్దురు పట్టేంత కట్టినాడంట. పగలగొట్టించి మళ్లా ఇట్లా కట్టించినారు.”

నేను ఆ వాకిలి కొలిచి కాగితం మీద వేసుకున్నాను. అక్కడితో ఆగబుద్ధి కాలేదు. రెండు ఆదివారాలు ఇంటికి పోకుండా మునెప్పతో కలిసి మొత్తం కొలిచాను. ఏ గోడ ముందు, ఏ గోడ తర్వాత, ఏ కిటికీ మూసేశారు, ఏ దూలం మార్చారు, అన్నీ ఆయన చెబుతుంటే రాసుకుని, శుభ్రంగా డ్రాయింగ్ గీశాను. ఎర్రమిట్ట స్టేషన్‌కు అదే మొదటి డ్రాయింగ్. నా ఉద్యోగంలో ఎవరూ అడక్కుండా ఇష్టంగా చేసిన పని అదొక్కటే. ఆ ఇష్టమే తర్వాత నన్ను ముంచింది. ఎలాగో వరసలోనే చెబుతాను.

సిమెంటు పూత

ఈ పనిలో మీ జీవితమంతా నీళ్లతో కొట్లాటే. గోడ ఉబ్బినా, తలుపు బిగిసినా, చెద పట్టినా, రంగు పెచ్చులూడినా, తవ్వుకుంటూ పోతే చివరికి ఎక్కడో నీళ్లుంటాయి. నాకది అర్థం కావడానికి ఒక దెబ్బ తగలాల్సి వచ్చింది.

నేను చేరిన రెండో ఏడో మూడో ఏడో, పై అధికారుల తనిఖీ ఉందని కబురొచ్చింది. ఇలాంటప్పుడు మా విభాగంలో ఒక జాతర మొదలవుతుంది. సున్నాలు, రంగులు, పూలకుండీలు. ఎర్రమిట్టలో కూలీల గది గోడ ఒక పక్క చెమ్మగిల్లి నల్లగా ఉంది. నాకు వారమే గడువుంది. ఆ గోడ మీద గట్టిగా సిమెంటు పూత వేసి రంగు కొట్టేయమన్నాను.

మునెప్ప తాపీ కింద పెట్టి నిలబడ్డాడు. అది గానుగ సున్నంతో కట్టిన గోడ, లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసేస్తే గోడే చెడుతుందని చెప్పాడు. నేను డిప్లొమా చదివిన వాణ్ణి. సిమెంటు కంటే సున్నం గొప్పదా అని అందరి ముందు అన్నాను. ఆయన తాపీ అందుకున్నాడు.

తనిఖీ బాగా జరిగింది. గోడ తెల్లగా మెరిసింది. మెచ్చుకున్నారు కూడా. రెండు వానాకాలాలు గడిచాక ఒక మధ్యాహ్నం, ప్యాసింజర్ వెళ్లిపోయిన కాసేపటికి, ఆ పూత రాతి పెచ్చులతో సహా పలకలాగా ఊడి కింద రాతి అరుగు మీద పడింది. బండి ఎక్కేదాకా ఆ అరుగు మీద ఒక బాలింత కూర్చుని ఉందని స్టేషన్ మాస్టర్ చెప్పాడు.

అప్పుడు మా పై అధికారి ఒక పెద్దాయన. తమిళం ఆయన. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గిపోయేది. ఎర్రమిట్ట వచ్చి, ఊడిన గోడ చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడిగారు. నేలలోంచి చెమ్మ ఎగబాకుతోంది సార్ అన్నాను.

“నువ్వు పైకెక్కి చూశావా?”

“లేదు సార్.”

“మరి నేల అని ఏం చూసి చెప్పావు?”

రిటైర్మెంటు దగ్గరికొచ్చిన మనిషి, ఇస్త్రీ ప్యాంటుతోనే, నాకంటే ముందు నిచ్చెనెక్కారు. రెండు పెంకు కప్పులు కలిసే చోట వాన నీళ్లు పారడానికి ఒక రేకు కాలువ ఉంటుంది. అది ఎండుటాకులు, కాకి గూడు కలిసి పూర్తిగా పూడిపోయి ఉంది. వాన నీళ్లు పొంగి నేరుగా గోడ నడుమకు దిగుతున్నాయి. ఇద్దరం చేతుల్తోనే చెత్త తీశాం. దిగాక ఆయన నా మీద రిపోర్టు రాయలేదు. ఆ గోడకు మళ్లీ సున్నం పూతే వేయించమని, వేసినన్ని రోజులూ నన్ను మేస్త్రి పక్కనే ఉండమని చెప్పి వెళ్లిపోయారు.

ఉన్నాను. ఇసక, సున్నం, బెల్లం నీళ్లు, నానబెట్టిన కరక్కాయ. ఒక పొర వేసి రోజుల తరబడి తడుపుతూ ఆగడం. మునెప్ప నన్ను ఒక్క మాట కూడా దెప్పలేదు. నాకు దొరికిన బాస్‌లలో ఆ పెద్దాయనే మేలైన వాడు. కానీ ఒకటి చెప్పాలి. మంచి బాస్ దగ్గర నేర్చుకున్నది మన దగ్గర నిలుస్తుందనుకోవడం భ్రమ. ఆయన వెళ్లిపోయాక నేనూ మెల్లగా పాత మనిషినే అయ్యాను.

గని మూతపడ్డాక

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎర్రమిట్ట గని మూతపడింది. లోతుకు పోయే కొద్దీ ఖర్చు పెరిగిందన్నారు, బంగారం తగ్గిందన్నారు. గనికి పోయే సైడింగు పట్టాలు పీకేశారు. కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేయించారు. తమిళ కుటుంబాలు హద్దు దాటి వెళ్లిపోయాయి. కొందరు కుప్పంలో గ్రానైటు పనికి చేరారు. ప్యాసింజర్ ఒక్కటే మిగిలింది. స్టేషన్ మాస్టర్‌ను తీసేసి దాన్ని హాల్టు చేశారు. అంటే బండి ఆగుతుంది, అడిగే నాథుడుండడు.

అప్పుడే కొత్త అధికారి వచ్చారు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. దుర్మార్గుడేం కాదు, తొందర మనిషి. ఆయన మీద కూడా పైనుంచి తొందర పెట్టేవాళ్లు. వాడకంలో లేని పాత భవనాల జాబితా నాలుగు రోజుల్లో కావాలన్నారు. ఏది ఖాళీగా ఉంది, ఏది శిథిలమైంది, ఏది పడగొట్టవచ్చు, నేను స్వయంగా చూసి సంతకం చేయాలి.

నాకు అప్పటికి రెండు సెక్షన్లు అప్పజెప్పారు. జీపు లేదు. మోకాలి నొప్పి మొదలైంది. అన్నిటికంటే, విసుగొచ్చింది. నిలబెట్టమని కాకుండా పడగొట్టమని రాయడానికి ఇంత తిరుగుడెందుకనిపించింది. ఎర్రమిట్టలో ప్యాసింజర్ ఆగే రెండు నిమిషాల్లో దిగాను. ముందు భవనం చుట్టూ చూపు తిప్పాను. పెంకులు జారాయి, తలుపుకు తాళం ఉంది. లోపలా వెనకా నాకు తెలియనిదేముంది, ఆ భవనాన్ని అంగుళం అంగుళం కొలిచింది నేనే కదా అనుకున్నాను. అదే బండి ఎక్కేశాను. కుప్పం వచ్చి, నేను గీసిన డ్రాయింగ్ ముందు పెట్టుకుని జాబితా నింపాను. కూలీల గది దగ్గర ‘ఖాళీ, శిథిలం’ అని రాశాను.

మీరు ఎంత బాగా ఎరిగిన భవనమైనా, అది మీరు చివరిసారి చూసిన రోజున ఉన్నట్టే ఉండదు. నా గర్వం నన్ను ఇరవై అడుగులు నడవనివ్వలేదు.

వెనక వైపు

కొన్ని నెలలకు పడగొట్టే ఉత్తర్వు వచ్చింది. కార్తీక మాసం, సన్నటి ముసురు. కాంట్రాక్టరు మనుషులు ముందు రోజే వచ్చి దొరల భవనం పెంకులు, టేకు దూలాలు దించేశారు. మిగతా గోడలు కూల్చడానికి ప్రొక్లెయిన్ యంత్రం తెప్పించారు. పనికొచ్చే చెక్కుడు రాళ్లు వేరు చేయడానికి మునెప్పను నేనే పిలిపించాను. ఉదయం ఎనిమిదింటికి ఇద్దరం వెనక్కి నడిచాం. సోదా వాకిలి ముందు పొగ లేస్తోంది.

మూడు రాళ్ల పొయ్యి దగ్గర ఒకావిడ కూర్చుని సంగటి కెలుకుతోంది. నలభై ఐదేళ్లుంటాయి. పేరు గంగులమ్మ. లోపల నులక మంచం మీద ఆమె భర్త చెంగప్ప, తలగడలు ఎత్తుగా పెట్టుకుని, కూర్చునీ పడుకునీ కాకుండా ఉన్నాడు. ఊపిరి తీసుకునే చప్పుడు బయటికి వినిపిస్తోంది. గనిలో ఇరవై ఏళ్లు రాతికి రంధ్రాలు వేసిన మనిషి. రాతి దుమ్ము రొమ్ములో పేరుకుపోయింది.

క్వార్టర్లు ఖాళీ చేయించినప్పుడు పోవడానికి చోటు లేక వాళ్లు అక్కడ చేరారు. అప్పటికింకా ఉన్న స్టేషన్ మాస్టర్ నోటి మాటగా ఒప్పుకున్నాడు. అందుకు బదులుగా గంగులమ్మ ప్లాట్‌ఫాం ఊడ్చి, కుండలో నీళ్లు నింపేది. మాస్టర్ వెళ్లిపోయినా ఆమె ఊడుస్తూనే ఉంది. నేను రెండు నిమిషాలు దిగి వెళ్లిపోయిన రోజున కూడా వాళ్లు ఆ గోడ వెనకే ఉన్నారు.

పడగొడుతున్నారని నోటీసు అంటించాం కదమ్మా, చూడలేదా అని అడిగాను. నా గొంతు నాకే దబాయింపుగా వినిపించింది.

“యాడంటించినారు?” అంది.

ముందు తలుపుకు అన్నాను.

“ఆ తలుపు కాడికి మేము పోమప్పా. కాయితం ఉన్నా నాకు సదవను రాదు. మాకు వాకిలి ఈ పక్కే ఉండాది,” అంది. “నిన్న పెంకులు దించినోళ్లు కప్పు బాగు సేస్తాండారనుకున్నాం.”

అక్కడికి దగ్గర్లో ఒక బడ్డీ కొట్టులో ఫోనుండేది. వెళ్లి మా అధికారికి విషయం చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న వేశారు. మీరు చూసి సంతకం చేసిన రోజు వాళ్లు అక్కడున్నారా, లేరా? ఉన్నారంటే నేను చూడకుండా రాసినట్టు. లేరంటే వాళ్లు తర్వాత ఆక్రమించినట్టు. ఆయన కావాలని ఇరికించలేదు. పని ఆపాలంటే కారణం రాయాలి కాబట్టి అడిగారు.

“లేరు సార్,” అన్నాను.

మునెప్ప నా వెనకే నిలబడి ఉన్నాడని ఫోను పెట్టేశాక చూశాను.

ఆ ఒక్క మాటతో మిగతాదంతా దానంతటదే నడిచింది. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. గంగులమ్మ ఏడవలేదు, తిట్టలేదు. గిన్నెలు, గుడ్డలు మూటలు కట్టింది. పలమనేరు దారిలో అక్క ఇల్లుందని, అక్కడికి పోతామని చెప్పింది. ఆటో ఒకటి మాట్లాడాం. కష్టమంతా చెంగప్పను బయటికి తేవడం దగ్గర వచ్చింది.

మంచంతో సహా ఎత్తుకొద్దామని చూశాం. ఆ వాకిట్లో మంచం పట్టలేదు. నిలువుగా తిప్పితే మనిషి జారిపోతాడు. రెండో తలుపు దొరల భవనంలోకి ఉంది గానీ, ముందు రోజు దించిన పెంకులు, మట్టి దాని అవతల గుట్టగా పడి ఉన్నాయి. చేతుల మీద మోద్దామంటే, ఆ సందులో ఒక మనిషి పక్కన ఇంకొకరు పట్టరు. చివరికి ఆయన్ని లేపి నిలబెట్టాం. మునెప్ప ముందు వెనక్కి అడుగులు వేస్తూ చేతులు చాపాడు. నేను వెనక ఉన్నాను. మధ్యలో చెంగప్ప రెండు చేతులతో అటూ ఇటూ రాళ్లు పట్టుకుని ఒక్కడే నడిచాడు. వాకిలి నడిమధ్య ఆగిపోయాడు. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది.

బయటికొచ్చాక ఎదురుగా కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. చెంగప్ప అతన్ని చూసి, చేతులు రెండూ కొంచెం పైకెత్తాడు.

“నా కాడ ఏమీ లేదప్పా,” అన్నాడు. “కావాలంటే సూస్కో.”

కానిస్టేబుల్‌కు అర్థం కాలేదు. పోవయ్యా పో, ఆటో ఎక్కు అన్నాడు. అర్థమైన వాళ్లం అక్కడ మునెప్పా, నేనూ.

ఆటో వెళ్లిపోయాక మునెప్ప తన ఉలి, సుత్తి సంచిలో వేసుకున్నాడు. రాళ్లు వేరు చేయకుండానే పోతున్నావా అని అడిగాను.

“ఇంక నేను రానప్పా,” అన్నాడు. “నువ్వు తప్పు రాసినావని కాదు. తప్పు ఎవురైనా రాస్తారు. అడిగితే లేరని సెప్పినావు సూడు.”

ముసురులో తడుస్తూ ప్లాట్‌ఫాం మీద నిలబడి మధ్యాహ్నం బండి ఎక్కాడు. సాయంత్రానికి స్టేషన్ నేలమట్టమైంది. ఎవరూ వేరు చేయలేదు కాబట్టి, చెక్కుడు రాళ్లు రోడ్డు పనికి కంకరలో కలిసిపోయాయి. చెంగప్ప నెల దాటకుండానే పోయాడని బడ్డీ కొట్టాయన చెప్పాడు. ఎలాగూ పోయే మనిషే సార్ అని కూడా అన్నాడు, నా ముఖం చూసి. నేనూ ఆ మాటనే చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది ఎక్కువ రోజులు పనిచేయలేదు.

తర్వాత అక్కడ హాల్టుకు సిమెంటు షెల్టరు కట్టించింది కూడా నేనే. నాలుగు స్తంభాలు, ఒక కప్పు, పసుపు పలక మీద ఊరి పేరు. ఇప్పుడు ఎర్రమిట్టలో దిగిన వాళ్లకు కనిపించేది అదే. అంతకు ముందు అక్కడ ఏముండేదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

గంగులమ్మ ఆఫీసుకొచ్చింది

మరుసటి ఏడు ఎండాకాలంలో ఆమె కుప్పంలో నా ఆఫీసుకు వచ్చింది. నేను తల ఎత్తేసరికి టేబులు ముందు నిలబడి ఉంది. చెప్పులు బయట విడిచింది.

గని మూతపడ్డాక కూడా ఎర్రమిట్టలోనే ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం ఇంటి జాగాలు ఇస్తోంది. ఆమె పేరు జాబితాలోంచి కొట్టేశారు. స్టేషన్‌లో ఉండేవాళ్లమని ఆమె చెబితే, రెవెన్యూ వాళ్లు మా ఆఫీసును అడిగారు. మా ఆఫీసు నా రిపోర్టు నకలుతో, ఫోనులో నేనన్న మాటనే కాగితం మీద పెట్టి పంపింది. ఆ గది ఖాళీగా ఉండేదని, వీళ్లు తర్వాత చొరబడ్డారని. ఆ కాగితం ఎవరో ఆమెకు చదివి వినిపించారు.

“ఆడ ఎవురూ లేరని రాసింది నువ్వేనంట కదప్పా,” అంది.

“అవునమ్మా.”

“మేము ఉండామని నీకు తెలుసు కదా.”

“రాసినప్పుడు తెలీదమ్మా. పడగొట్టే రోజు తెలిసింది.”

“తెలిసినాక యాల రాయలేదు?”

ఆమె గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. కోప్పడి ఉంటే నేను ఏదో ఒకటి అడ్డం చెప్పుకునేవాణ్ణేమో.

ఆమెను కూర్చోమన్నాను. తెల్ల కాగితం తీసుకుని రాశాను. నేను తనిఖీ రోజున భవనం వెనకకు పోలేదని, పాత డ్రాయింగ్ చూసి జాబితా నింపానని, అప్పటికే ఈ కుటుంబం అక్కడ ఉంటోందని, అడిగినప్పుడు నా పై అధికారికి అబద్ధం చెప్పానని. పక్క టేబులు ఆయన వంగి చదివి, మీ కొంప మీరే ముంచుకుంటున్నారు, రాసేదేదో కొంచెం గుండ్రంగా, ఎటూ చిక్కకుండా రాయండి అన్నాడు. సాయంగానే అన్నాడు. గుండ్రంగా రాయడం నాకు బాగా వచ్చు. ఆ రోజు చేతకాలేదు. ఒక కాపీ ఆమెకిచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, చదివించుకుంటానని చెప్పి వెళ్లింది. దండం పెట్టలేదు. పెట్టనందుకు నాకు ఊరటగా అనిపించింది.

నా మీద విచారణ జరిగింది. జీతంలో కోత పడింది. పూర్తిగా న్యాయమైన శిక్ష కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను. మా అధికారి నాతో ఆ తర్వాత రెండేళ్లు ఫైలు మీద తప్ప మాట్లాడలేదు. ఆయన తప్పు కూడా ఏం లేదు.

ఒక ఆదివారం పుంగనూరులో దిగి మునెప్ప ఇంటికి వెళ్లాను. వాకిట్లో ఎవరికో రుబ్బురోలు కొడుతున్నాడు. రాసిచ్చిన సంగతి చెప్పాను. ఉలి ఆపకుండానే విన్నాడు. కాఫీ ఇప్పించాడు. ఆవు ఈనిందని, దూడ మరీ చిన్నదిగా ఉందని చెప్పాడు. నేను లేచినప్పుడు మాత్రం, గంగులమ్మకి జాగా వస్తే కబురు చెయ్యప్పా, పునాది నేనేస్తానన్నాడు.

కబురు చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఎందుకంటే జాగా రావడానికి అంత కాలం పట్టింది. అప్పటికి మునెప్పకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయింది. వెళ్లి చెప్పాను. మాట సరిగ్గా రాలేదు. బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు.

హద్దు కొలిచిన రోజు

జాగాలు ఇచ్చిన చోటు రైల్వే స్థలాన్ని ఆనుకుని ఉంది. హద్దు రాళ్లు చూపించడానికి రైల్వే తరఫున ఎవరైనా రావాలన్నారు. వేరే వాళ్లను పంపవచ్చు. నేనే వెళ్లాను.

ఎండ మాడుతోంది. రాళ్లూ తుమ్మ కంపా తప్ప అక్కడ ఏమీ లేదు. రెవెన్యూ సర్వేయర్ కుర్రాడు ఒక్కడే వచ్చాడు, టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేడు. నేను పట్టుకున్నాను. ఒక్కొక్క జాగా కొలుస్తూ గంగులమ్మ జాగా దగ్గరికి వచ్చాం. ఆమె పొద్దున్నుంచీ అక్కడే నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. పలకరించలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

సర్వేయర్ ఒక్కో మూల గుర్తు పెడుతుంటే ఆమె ఆ మూలకల్లా వెళ్లి నిలబడింది. ఒకచోట కంప తొక్కి ముల్లు దిగితే వంగి తీసేసుకుని మళ్లీ నడిచింది. నేను టేపు కొస పట్టుకున్న నాలుగో మూలకు వచ్చి నా పక్కనే ఆగింది. గుట్టల వైపునుంచి గాలి వీస్తోంది. ఆమె కొంగు సర్దుకుని కాసేపు అటే చూసింది.

“ఈ మూలకి గాలి బాగొస్తాది,” అంది. “ఆయప్పకి ఈడ బాగుండేది.”

నాతో అన్నదో, తనలో తాను అనుకున్నదో తెలియదు. అవతలి కొసనుంచి సర్వేయర్ టేపు వదలమని అరుస్తున్నాడు. రెండోసారి పిలిచేదాకా నాకు వినపడలేదు.